తోడు వచ్చినవారి పేరు

మా స్కానింగ్ సెంటర్లో ఒక గడి ఉంది. దాని మూలంగా నేను రోజుకి కనీసం ముగ్గురితో పోట్లాడతాను. వచ్చిన మనిషి పేరు, వయసు, ఫోన్ నంబరు కంప్యూటర్లో ఎక్కించాక కింద 'తోడు వచ్చినవారి పేరు' అని వస్తుంది. పక్కనే 'సంబంధం'. ఆ రెండూ నింపితే తప్ప ముందుకు కదలదు.

"ఒక్కడినే వచ్చానండీ, చిన్న స్కానే కదా" అంటారు.

"చిన్నదో పెద్దదో నాకు తెలీదు. పేరు చెప్పండి" అంటాను.

"ఎవరూ లేరండీ."

"ఎవరూ లేకుండా ఆకాశం నుంచి ఊడిపడ్డారా?"

నా నోరు అలాంటిది. సెంటర్లో అందరూ నన్ను కౌంటరమ్మ అంటారు. నా వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు గానీ అది ఇక్కడ రాయను. కౌంటరు పనితో పాటు రిపోర్టులు టైపు చేసేదీ నేనే, పాత ఫైళ్లు చెరిపేసేదీ నేనే. ఆ మూడు పనుల్లో మూడోదాని వల్లే ఈ కథ చెప్పాల్సి వస్తోంది.

ఇది ఊపిరిసారు కథ. స్కాన్ మిషన్ నడిపే టెక్నీషియన్ ఆయన. నాకంటే మూడేళ్ల ముందు నుంచీ ఉన్నారు. కొత్త మిషన్ వచ్చినప్పుడు దాంట్లో ఎవరిదో పరాయి భాష గొంతు ఉండేది. ఊపిరి బిగబట్టమని అది చెబితే మన ముసలివాళ్లకి అర్థంకాక, సరిగ్గా ఆ క్షణానే దగ్గేవారు. ఒకరోజు భోజనాల వేళ ఊపిరిసారు తలుపులన్నీ మూసుకుని, తన గొంతే అందులో ఎక్కించారు. "నిండా ఊపిరి పీల్చండి. బిగబట్టండి." కాసేపు ఆగి, "వదలండి. అయిపోయింది." ఆ 'అయిపోయింది' అన్నమాట కంపెనీవాళ్ల కాగితంలో లేదు, ఆయనే చేర్చారు. లోపల పడుకున్నవాళ్లకి అన్నిటికంటే కావాల్సిన మాట అదేనని ఆయన వాదన. అప్పటినుంచీ పేరు అలా పడిపోయింది.

మా దగ్గర ఎక్కువగా జరిగేది గుండె కాల్షియం స్కాన్. సూది లేదు, మందు లేదు. ఛాతీకి మూడు తీగలు అంటించి, చేతులు తలపైకి పెట్టించి, మిషన్లోకి పంపుతారు. పదిసెకన్లు ఊపిరి బిగబడితే చాలు. గుండెకి రక్తం తీసుకెళ్లే నాళాల్లో సున్నం పేరుకుని ఉంటే తెల్లచుక్కలుగా కనిపిస్తుంది, ఇంట్లో నీళ్ల గొట్టంలో పేరుకుంటుందే, అలాగే. ఆ తెల్లదనం ఎంతుందో లెక్కగట్టి ఒక అంకె ఇస్తారు. సున్నా అయితే హాయి. వంద దాటితే జాగ్రత్త. నాలుగు వందలు దాటితే ఆ మనిషికి నొప్పీ గిప్పీ ఏమీ లేకపోయినా సరే, అదే రోజు నేను ఫోన్ చేసి పిలవాలి. చేరిన కొత్తల్లో ఒక రిటైరైన లెక్కల మాస్టారికి అలాగే ఫోన్ చేశాను. "మీకు తొమ్మిది వందలు వచ్చిందండీ" అన్నాను. "వెయ్యికా? ఫస్ట్ క్లాసే!" అని సంబరపడి ఫోన్ పెట్టేశాడాయన. వీధిలో నలుగురికి చెప్పుకున్నాడట కూడా. సంగతి తెలిశాక ఊపిరిసారు నన్ను కూర్చోబెట్టి మరీ చివాట్లు పెట్టారు.

"ఇదిగో అమ్మా, మనిషికి అంకె చెప్పేముందు ఒక్క మాట అడుగు. మీ పక్కన ఎవరైనా ఉన్నారా అని. ఉంటే వాళ్లకి ఫోన్ ఇవ్వమను. లేకపోతే చెప్పకు, తోడు తీసుకుని రమ్మను."

ఆరోజు నుంచి ఇవాళ్టి దాకా అదే మా పద్ధతి. ఆ ప్రశ్న నేనెన్ని వందలమందిని అడిగానో. అడిగీ అడిగీ నాకది నమస్కారంతో సమానమైపోయింది.

ఇలా అందరి పక్కనా ఎవరున్నారో ఆరా తీసిన మనిషి పక్కన ఎవరూ ఉండేవారు కాదు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక లేకపోయిందమ్మా" అనేవారు, అదేదో కరెంటు బిల్లు కట్టడానికి తీరిక లేనట్టు. ఒక అన్న ఉండేవాడట, పోయాడు. ఒకే గది. రెండు కుర్చీలుంటే ఒకదాని మీద ఆయన, రెండోదాని మీద ఇస్త్రీకి వేయాల్సిన బట్టలు. సాయంత్రం డ్యూటీ దిగగానే సెంటర్ ముందు ఆగే బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లేవారు. అక్కడ దిగేవారు కాదు. అదే బస్సులో అదే సీట్లో కూర్చుని వెనక్కి వచ్చేవారు. పది నిమిషాలు నడిస్తే వచ్చే గదికి గంటన్నర ప్రయాణం. సంగతి తెలిసినప్పుడు మొదట నవ్వాను.

"ఏం చేస్తారు సార్ అంతసేపు?"

"నలుగురు మాట్లాడుకుంటుంటే వింటూ కూర్చుంటాను. డ్రైవర్ తెలిసినవాడే. సీటు ఉంచుతాడు."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఒకరోజు టీ తాగుతూ, ఆ గడి గురించి ఎవరితోనో పోట్లాడి వచ్చిన వేడిలో, నలుగురి ముందూ అన్నాను: "రేపు మీరే ఈ స్కాన్ చేయించుకోవాల్సి వస్తే ఆ గడిలో ఏం రాయాలి సార్? బస్సు డ్రైవర్ పేరా?" అందరూ పకపకా నవ్వారు. ఆయన కూడా నవ్వారు. గ్లాసు కడిగి బోర్లించి లోపలికి వెళ్లిపోయారు. నేను ఆ మాట సాయంత్రానికే మర్చిపోయాను.

ఆ తర్వాత నెల తిరక్కుండానే మిషన్లో ఏదో భాగం మార్చడానికి కంపెనీ ఇంజనీరు వచ్చాడు. అది బుధవారం. రిపేరు అయ్యాక మిషన్ సరిగ్గా చూస్తోందో లేదో తెలుసుకోవడానికి లోపల నీళ్ల డబ్బా పెట్టి స్కాన్ చేస్తారు. నిజంగా డబ్బానే, ప్లాస్టిక్‌ది, గుండ్రంగా, నిండా నీళ్లతో ఉంటుంది. రోజూ పొద్దున్నే ఊపిరిసారు చేసే పని కూడా అదే. ఆ స్కాన్లన్నీ 'పరీక్ష' అన్న పేరుతో చేరతాయి. వాటికి పేరు, వయసు, తోడు ఏమీ అడగదు కంప్యూటర్. శనివారం నేను వాటన్నిటినీ ఒక్క దెబ్బతో చెరిపేస్తాను. నీళ్ల డబ్బా బొమ్మలు దాచుకుని ఏం చేసుకుంటాం?

ఆ బుధవారం 'పరీక్ష' పేరు మీద మిషన్లో పడుకున్నది నీళ్ల డబ్బా కాదు. ఊపిరిసారు. ఇంజనీరుని బతిమాలి బటన్ నొక్కించుకున్నారు. ఆయన అన్న యాభై ఎనిమిదేళ్లకే, అప్పటిదాకా రాయిలా ఉన్నవాడు, చెప్పులు వేసుకుంటూ వేసుకుంటూ గుమ్మంలో పడిపోయాడట. ఊపిరిసారుకి ఆ నెలలోనే యాభై ఎనిమిది నిండింది. ఇదంతా నాకు తర్వాతెప్పుడో ఆయన నోటివెంట తెలిసింది. లోపల పడుకుంటే తన గొంతే తనని ఊపిరి బిగబట్టమందట. "వదలమని చెప్పడానికి ఇంతసేపు పెట్టానా అనిపించిందమ్మా, పాపం జనాన్ని ఎంత కష్టపెట్టానో" అన్నారు. లేచాక బొమ్మ చూసుకోలేదు. ఎదుటివాళ్ల గుండెల్లో తెల్లచుక్కలు అంతదూరం నుంచి గుర్తుపట్టే మనిషి, తనదగ్గరికి వచ్చేసరికి తల తిప్పుకుని, నేరుగా డాక్టరమ్మకి పంపించేశారు. ఇంజనీరు చూశాడు గానీ అతనికి మిషన్ గురించి తెలుసు, మనిషి గురించి తెలీదు.

డాక్టరమ్మ ఇంటినుంచే స్కాన్లు చూసి, చూసింది చెబుతూ రికార్డు చేసి పంపిస్తారు. అది చెవిలో పెట్టుకుని నేను టైపు చేస్తాను. ఆ వారం ఆవిడ కూతురి కాన్పుకని రెండు నెలల సెలవు మీద వెళ్లే తొందరలో ఉన్నారు. శుక్రవారం కట్టగా పంపించేసి వెళ్లిపోయారు. 'పరీక్ష' అని రాసి ఉన్నదాన్ని నేను తెరవలేదు. శనివారం బొమ్మలు చెరిపేశాను. ఆ తర్వాత ఏ ఫోనూ వెళ్లలేదు.

ఆ రోజుల్లో ఆయన మనసు ఎలా ఉండేదో నాకు తర్వాతే అర్థమైంది. బుధవారం నుంచి మూడు రోజులు టీ తాగకుండా, చల్లారిన గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. నా ఫోన్ మోగినప్పుడల్లా తలెత్తి చూసేవారు. తర్వాతి సోమవారానికి తేలికపడ్డారు. ఆ నెల్లోనే ఒక కబురు చెప్పారు, గది మారుతున్నానని.

"నాలుగో అంతస్తమ్మా. లిఫ్టు లేదు. అయితేనేం, కిటికీలోంచి చూస్తే బస్సులన్నీ వరసగా ఆగి ఉంటాయి, సంతలా ఉంటుంది."

"మోకాళ్లు ఊరుకుంటాయా సార్?"

"మెట్లు ఎక్కితే గుండెకి మంచిదట."

అప్పటికే సెంటర్ మెట్ల దగ్గర ఆయన మధ్యలో ఆగడం నేను చూశాను. గోడకి చెయ్యి ఆనించి, కిందికి చూస్తూ. "ఏంటి సార్, మెట్లు లెక్కపెడుతున్నారా?" అని వేళాకోళం కూడా చేశాను. ఛీ, నా నోట్లో మన్ను పడ.

సామాను చేరవేసుకోవడానికి ఒకరోజు సెలవు పెట్టారు. ఆ రోజే కంప్యూటర్ మొరాయించింది, చోటు లేదని. పాత రికార్డింగులు తీసేద్దామని కూర్చున్నాను. 'పరీక్ష' పేరు మీద ఒకటి కనిపించింది. నిమిషం నలభై సెకన్లు. చెరిపేయబోయి ఆగాను. నీళ్ల డబ్బా గురించి డాక్టరమ్మ ఇంతసేపు మాట్లాడేదేముంటుంది? చెవిలో పెట్టుకున్నాను.

"ఇది పరీక్ష అని వచ్చింది గానీ మనిషిది. పురుషుడు, యాభై దాటి ఉంటాయి. ఎడమవైపు ఐదో పక్కటెముక ఎప్పుడో విరిగి అతుక్కుంది. మూడు నాళాల్లోనూ కాల్షియం. స్కోరు ఎనిమిది వందల నలభై." కాగితాల చప్పుడు. "ఇదెవరిది? పేరెందుకు లేదు? కౌంటరమ్మా, ఈ మనిషి ఎవరో కనుక్కో. ఇవాళే కనుక్కో."

ఐదో పక్కటెముక. ఒకసారి కదిలే బస్సు దిగబోయి పడి, రెండు నెలలు నవ్వితే నొప్పి అని మా జోకులకి చెయ్యి అడ్డంపెట్టి పారిపోయిన మనిషి మా సెంటర్లో ఒక్కరే ఉన్నారు. తేదీ చూశాను. ఇంజనీరు వచ్చిన బుధవారం. ఆరు వారాలైంది. ఆ మనిషి ఇప్పుడు మంచం, బీరువా, గిన్నెలు మోసుకుంటూ నాలుగు అంతస్తులు ఎక్కుతున్నాడు.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాను. మూడోసారి కూడా ఎత్తకపోయేసరికి చెప్పులు కాళ్లకి తొడుక్కుని బయటపడ్డాను. వరసలో ఉన్నవాళ్లు అరుస్తున్నారు. పంతొమ్మిదేళ్లలో కౌంటరు వదిలి పోవడం అదే మొదలు. ఆటోవాడు ఎందుకు ఏడుస్తున్నారమ్మా అని అడిగితే గానీ నేను ఏడుస్తున్నానని నాకు తెలీలేదు.

ఆయన చెప్పిన మేడలో, మూడో అంతస్తు మలుపులో మెట్ల మీద ఒక కుర్చీ వేసి ఉంది. దాంట్లో ఊపిరిసారు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఒళ్లో గోడగడియారం, పక్కన రెండో కుర్చీ బోర్లా పడి ఉంది. ఎడంచేత్తో దవడ రుద్దుకుంటున్నారు. ఫోను కింద ఏ మూటలోనో ఉండిపోయింది.

"నువ్వేంటమ్మా ఇక్కడ?"

ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వచ్చాను. నోరు తెరిస్తే అలవాటైన మాటే వచ్చింది.

"మీ పక్కన ఎవరైనా ఉన్నారా సార్?"

ఆయన గడియారాన్ని జాగ్రత్తగా గోడకి ఆనించి పెట్టారు.

"లేరు. ఎంతమ్మా?"

"ఎనిమిది వందల నలభై."

"ఫస్ట్ క్లాసే" అన్నారు.

నేను ఆ మెట్టు మీదే కూర్చున్నాను. "నేనే చెరిపేశాను సార్. చూడకుండా చెరిపేశాను."

"శనివారం చెరిపేస్తావని తెలుసుగా. అందుకే బుధవారం చేయించుకున్నాను. మధ్యలో మూడు రోజులుంటాయి, ఇదెవరిదీ అని ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాను." ఊపిరి అందక ఆగారు. "అడగలేదు. అడగాల్సినంత ఏమీ లేదులే అనుకున్నాను."

"అడిగారు సార్! డాక్టరమ్మ అడిగారు. నేనే వినలేదు."

"అడిగారా?" అన్నారు. ఆ అంకె కంటే ఆ మాటకే ఆయన ముఖం మారింది.

నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. "మీ పేరు పెట్టి చేయించుకుంటే ఏం పోయింది? ఇన్నేళ్లు పనిచేసిన చోటు!"

"ఆ గడిలో ఏం రాయనమ్మా? బస్సు డ్రైవర్ పేరా?"

దెప్పుతూ అన్నా బాగుండేది. తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగారు.

నడవనివ్వలేదు. కింది వాటాల్లోంచి ఇద్దరు మగవాళ్లని కేకేసి, ఆయన్ని కుర్చీతో సహా మోయించి దింపాను. పెద్దాసుపత్రి కౌంటర్లో నాలాంటిదే ఒకావిడ కూర్చుని ఉంది. తలెత్తకుండా అడిగింది. "తోడు వచ్చింది ఎవరు?" చెప్పాను. "సంబంధం?" వేలమందిని అడిగిన ప్రశ్న. చక్రాల కుర్చీలో ఊపిరిసారు నేల వంక చూస్తున్నారు. "అమ్మా, ఆ గడి ఖాళీగా ఉంటే ముందుకు పోదు" అంది ఆవిడ.

"చెల్లెల్ని" అన్నాను.

ఆయన తల తిప్పి నన్ను చూశారు. తర్వాత ఆవిడతో అన్నారు, "రాయండి. చెల్లెలే. చెప్పింది వినదు గానీ మిగతాదంతా మంచిదే."

రెండు నాళాలు దాదాపు మూసుకుపోయాయి. మర్నాడే ఆపరేషన్ చేశారు. ఇంకో పది మెట్లెక్కి ఉంటే మాకీ పని ఉండేది కాదన్నాడు అక్కడి డాక్టరు.

బతికారు. మళ్లీ డ్యూటీలో చేరారు, వేళకి రిటైరయ్యారు, కింది అంతస్తులోనే గది తీసుకున్నారు. నేను చెల్లెల్నని కాగితం మీద రాయించుకున్నదాన్నే గానీ, నాలుగేళ్లలో ఆ గదికి ఎన్నిసార్లు వెళ్లానంటే వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఎందుకు వెళ్లలేదంటే చెప్పుకోవడానికి కారణం కూడా లేదు. సెలవురోజున నా ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు కడుక్కుని, గోడ వంక చూస్తూ కూర్చునేదాన్నే. ఆ గడి మీద నాకంత కోపం ఎందుకో నాకు అప్పుడు తెలీదు, ఇప్పుడు తెలుసు. ప్రతి బుధవారం ఆయనే ఫోన్ చేసేవారు. "నీళ్ల డబ్బా ఎలా ఉంది?" అని అడిగేవారు. "బాగానే ఉంది సార్, విన్నాను" అనేదాన్ని. ఇప్పుడు శనివారం దేన్నీ వినకుండా చెరపను. బస్సు మాత్రం ఆయన మానలేదు. సెంటర్ ముందు ఎక్కేటప్పుడు అద్దంలోంచి నావైపు చెయ్యి ఊపేవారు. ఆ చెయ్యి కోసం నేనూ కాస్త పెందలాడే తలెత్తి చూసేదాన్ని.

మొన్నటి బుధవారం కూడా ఊపారు. తర్వాత ముప్పావు గంటకి ఫోన్ మోగింది. ఆయన నంబరే. హాల్లో పదిహేను మంది దాకా ఉన్నారు, ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్కరు. లోపలినుంచి, తలుపు తెరుచుకున్నప్పుడల్లా, ఊపిరి బిగబట్టమని ఆయన గొంతు వినిపిస్తోంది.

"డబ్బా బాగానే ఉంది సార్" అన్నాను, ఆయన అడక్కముందే.

అవతల వేరే గొంతు. "అమ్మా, నేను బస్సు డ్రైవర్ని. చివరి స్టాపులో ఉన్నాం. ఈ ఫోన్లో చెల్లెలు అని మీ నంబరు ఉంది." తటపటాయించాడు. "ఎప్పుడైనా మీకు ఫోన్ చేయాల్సి వస్తే ముందు ఒకమాట అడగమని సారు నాకు చెప్పి ఉంచారమ్మా. మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

నేను హాలంతా కలయజూశాను.

"ఉన్నారు బాబూ" అన్నాను. "చాలామంది ఉన్నారు. చెప్పు."